హాజరు పట్టీలో మిగిలిన పేర్లు

రైలు రాకపూర్వము కర్నూలు, కడప మండలములలోని ఎరుకలవారు గాడిదలపైనను ఎద్దులపైనను కోస్తానుండి ఉప్పు తెచ్చి, పల్లెలలో ధాన్యమునకు మార్చి, తీరిక వేళల వెదురుబుట్టలల్లి జీవించిన సంచార వర్తకులు. ఉప్పుపై దొరతనము విధించిన కట్టడులును, ఇనుపదారియు, అడవి చట్టములును, వానిపై వచ్చిపడిన 1876–78 నాటి ధాత కరువును ఆ వర్తకమును కూకటివేళ్ళతో పెకలించినవి. ఇట్లు బ్రతుకుదెరువు పోగొట్టిన దొరతనమే, ఇల్లు వాకిలి లేక తిరుగువాడు దొంగయని నిశ్చయించి, ఉత్తరదేశమున 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టమును 1911లో మద్రాసు రాజధానికిని విస్తరింపజేసెను.

ఒక తెగ పేరు గెజిటులో ప్రకటితమైనచో, ఆ ప్రకటన చెల్లదనుటకు ఏ న్యాయస్థానమునకును అధికారము లేదు. పేరు రిజిస్టరున కెక్కినవాడు వ్రేలిముద్రలు వేయవలెను. రాత్రివేళ గ్రామ మునసబు ఎదుట నిలిచి హాజరు పలుకవలెను. పొరుగూరి చుట్టమును చూడబోవలెనన్నను చీటీ పుచ్చుకొనవలెను. కర్నూలు మండలమున సిద్ధాపురము వంటి సెటిల్మెంట్లలో సకుటుంబముగా కాపలాలో కాపురముండిన వారును గలరు. నేరము రుజువు కాకయే శిక్ష పడుటయు, ఆ శిక్ష తండ్రినుండి బిడ్డకు సంక్రమించుటయు ఎంతటి ఘోరమో వేరుగ చెప్పనేల!

మద్రాసు ప్రభుత్వము 1947లో ఈ చట్టమును రద్దుచేసెను. తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన 1949లో ఏర్పడిన విచారణ సంఘము దేశమంతటను దానిని తొలగింపవలసినదని సూచింపగా, 1952 ఆగస్టు 31 నాటికి అది యెల్లెడల అంతరించెను. రాయలసీమ బిడ్డ పూనికతో జరిగిన ఈ విమోచనము మనకు గర్వకారణమే. అయినను రద్దు వేరు, లెక్క తేల్చుట వేరు. కమ్యూనిస్టు ప్రభుత్వము కూలిన పిదప ఏకమైన జర్మనీ, తూర్పు భాగపు రహస్య పోలీసులు తమ్మును గూర్చి వ్రాసిన కాగితములను చూచుకొను హక్కును 1991లో ప్రజలకు చట్టముగా నిచ్చెను. అదే యేట చెకోస్లొవేకియా పాత ప్రభుత్వపు వేగులవారిని ఉన్నతోద్యోగములకు దూరము చేయుటకు శాసనము చేసెను. మన రద్దు చట్టము రిజిస్టరు కెక్కినవానికి అట్టి హక్కు నీయలేదు, వాని నెక్కించిన అధికారి నెవ్వరిని సంజాయిషీ అడుగలేదు. పైగా 1948లో మద్రాసునందు, 1962లో ఆంధ్రప్రదేశమునందు అలవాటు నేరస్థుల చట్టములు వెలసినవి. అవి జాతిని గాక వ్యక్తిని చూచునన్నది నిజమే. అయినను దొంగతనము జరిగిన ఊరిలో మొదట ఎవరి గుడిసె తలుపు తట్టబడునో సీమలో ఎల్లరెరిగినదే. ఆ రిజిస్టరులు ఎక్కడ మిగిలియున్నను, అందు పేరున్న వారి సంతతికి వానిని చూపవలెను. చేసినది తప్పని ప్రభుత్వము వ్రాసి యీయవలెను.

చట్టము పోయినను ఆ ముద్ర చెరసాలలలో నిలిచియే యుండెను. ఖైదీలను కులమును బట్టి వేరుచేయు కారాగార నిబంధనలను, ఆ చట్టమునుండి విడువబడిన విముక్త జాతులవారిని పుట్టు నేరస్థులుగా నెంచు నిబంధనలతో సహా, సుప్రీంకోర్టు కొట్టివేసినది 2024 అక్టోబరు 3న.