ఊరు విడువని చదువు

గడచిన వేసవిలో ఒక చుట్టమువారింటి శుభకార్యమునకై సాలూరు మీదుగా కొండప్రక్క గ్రామమొకదానికి పోయియుంటిని. సాయంకాలము ఊరివెలుపల నొక పెద్దబండమీద నలుగురు పడుచువారు సెల్‌ఫోనులు చేతబట్టుకొని కూర్చుండిరి. సినిమాయో, ఆటయో చూచుచున్నారనుకొని పలుకరించితిని. "పాఠం ఇంతన్నాం తాతా! ఊర్లో సిగ్నలు రాదు. ఈ బండమీది కొస్తేనే వస్తాది" అని ఒక బాలిక చెప్పినది. పాఠము చెప్పుచున్న ఆచార్యుడు మద్రాసులోని ఐ.ఐ.టి.లో నున్నవాడు. ఆయన ఈ బండను చూడలేదు. ఈ పిల్లలు మద్రాసును చూడలేదు. అయినను పాఠము నడచుచునే యున్నది. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. గురువొకచోటను, శిష్యుడొకచోటను ఉండి సాగు ఈ చదువు మన సీమకు ఎట్లు వచ్చెనో మీతో ముచ్చటింపవలెనని అప్పుడే తోచినది.

ఇది క్రొత్తది కాదని మొదటనే చెప్పుదును. ఏకలవ్యుని కథ మీకు తెలియనిది కాదు. మట్టిబొమ్మయెదుట నేర్చిన విద్య అది. అయితే గురుదక్షిణగా బొటనవ్రేలు పోయినది. ఆ బొటనవ్రేలి మాట మరల వచ్చును గనుక దానిని జ్ఞాపకముంచుకొనుడు. ఇంగ్లండులో 1840 ప్రాంతమున ఐజాక్ పిట్మన్ అను నాతడు తాను కనిపెట్టిన సంక్షిప్తలేఖనమును కాణీకార్డులమీద టపాలో పంపి, శిష్యులు వ్రాసి పంపినదానిని దిద్ది మరల పంపెడివాడు. 1858 లో లండను విశ్వవిద్యాలయము, ఎక్కడ చదివినవారైనను సరే, తన పరీక్షలకు కూర్చుండవచ్చునని తలుపు తెరచినది. మన చెన్నపురి విశ్వవిద్యాలయము 1857 లో ఆ లండను వరవడిమీదనే పుట్టినది. చాలకాలము అది పాఠము చెప్పునది కాదు, పరీక్షించునది మాత్రమే. ఆ సందులోనుండియే మన ప్రాంతమువాడొకడు దూరి బయటపడెను. ఆ మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

రామమూర్తిగారు 1863 లో శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. చిన్నతనముననే తండ్రిని పోగొట్టుకొని విజయనగరము చేరి మహారాజావారి పాఠశాలలో చదివిరి. గురజాడ అప్పారావుగారును ఆ పాఠశాలయందే చదివినవారు. 1879 లో మెట్రిక్యులేషను ముగిసినది. అదే సంవత్సరము విజయనగరమున కళాశాల తరగతులు ఏర్పడినవి. కాని కుటుంబభారము మెడమీదనున్న పదునారేండ్ల బాలునకు కళాశాల ఎట్లు దక్కును? 1880 లో పర్లాకిమిడి పోయి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా కుదిరిరి. పగలు పిల్లలకు చెప్పుట, తక్కినవేళ తాను చదువుకొనుట. 1886 లో ఎఫ్.ఎ. పరీక్ష ప్రైవేటుగా నిచ్చిరి. 1894 లో బి.ఎ.లో రెండు భాగములును, 1896 లో మూడవ భాగమును గట్టెక్కిరి. మెట్రిక్యులేషను ముగించిన పదునేడేండ్లకు పట్టము చేతికందినది. అదియు చరిత్రలో మొదటి తరగతి, విశ్వవిద్యాలయమునకు రెండవ స్థానము! శ్రీముఖలింగ దేవాలయములలోని శాసనములను చదువుటయు గురువు లేకయే, పుస్తకములు తెప్పించుకొని, తమంత తామే నేర్చిరి. మన సీమలో దూరవిద్యార్థి యెవడని నన్నెవరైన నడిగినచో నేను ఈయన పేరే చెప్పుదును.

ఈ పదునేడేండ్ల మాటను కొంచెము నిదానించి చూడవలెను. తెలివి కొరతపడి అంతకాలము పట్టలేదు. తోడు లేక పట్టినది. సందేహము కలిగినప్పుడు అడుగుటకు మనిషి లేడు. ఏ పుస్తకము చదువవలెనో, ఏది విడువవలెనో చెప్పువాడు లేడు. దూరవిద్యకు ఆనాటినుండి నేటివరకు పట్టియున్న వ్యాధి యిదియే. రామమూర్తిగారు దానిని స్వయముగా అనుభవించినవారు గనుకనే కాబోలు, తరువాత సవరలకు చదువు చెప్పదలచినపుడు ఎదురుదారి పట్టిరి. పిల్లలను తమ భాషయొద్దకు రప్పింపక, తామే వారి భాషయొద్దకు పోయిరి. తెలుగు తెలిసిన సవర నొకనిని ఇంట నుంచుకొని ఆ భాష నేర్చిరి. లిపిలేని ఆ భాషలో వాచకములు వ్రాసి, సొంత ఖర్చుమీద పాఠశాలలు పెట్టి, సవరభాషలోనే చదువు చెప్పించిరి. ప్రభుత్వము బహుమానముగా ధనమిచ్చెదమనగా, ఆ సొమ్ముతో సవరలకు బడులు పెట్టింపుడని చెప్పిరట. వాడుకభాషకై జీవితము ధారపోసిన ఆ మహానుభావుని గూర్చి నేనీ పాతబడిన గ్రాంథికమున ప్రసంగించుట చూచినచో ఆయన నవ్వకుండునా? వయసు మీరినవాని అలవాటు, మన్నింతురు గాక.

ఇక విశ్వవిద్యాలయముల సంగతి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926 లో బెజవాడయందు పుట్టి 1930 లో వాల్తేరునకు తరలినది. మన ఉత్తరజిల్లాలకు పెద్దచదువు చేరువకు వచ్చినదని అందరును సంతసించిరి. కాని ఇచ్ఛాపురమునుండి వాల్తేరు చేరువయా? ఉద్దానమునుండి, పాలకొండనుండి, పార్వతీపురమునుండి పిల్లవానిని అచ్చట నిలిపి భోజనవసతులు చూచుట ఎందరివలన నగును? పదవతరగతితో చదువు చాలించి, హైదరాబాదునకో, చెన్నపురికో, భువనేశ్వరమునకో కూలిపనికి పోయినవారు మన ఊరూరను కలరు. ఇట్టివారికై ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962 లో ఉత్తరప్రత్యుత్తరముల చదువు నారంభింపగా, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972 లో అట్టి శాఖనే తెరచినది. పాఠములు అచ్చువేసి టపాలో పంపుదురు. విద్యార్థి ప్రశ్నలకు జవాబులు వ్రాసి పంపవలెను. ఏడాదికొకమారు కొన్నిదినములు సంపర్కతరగతులకు పోయి ఆచార్యుల మొగము చూచి రావలెను.

నేనును ఒకప్పుడు అట్టి టపాచదువు చదివినవాడనే. ఏ సంస్థయో చెప్పుట అనవసరము. మా ఊరి పోస్టుమాను పాఠముల కట్ట తెచ్చినదినము పండుగవలె నుండెడిది. ఆ కట్టను మా నాయన ముందుగా పుచ్చుకొని, చదువురాకున్నను కాగితములు త్రిప్పి చూచి, దేవునిగూటియొద్ద నుంచి తరువాత నా కిచ్చెడివాడు. ఒక సంవత్సరము అర్థశాస్త్రము కట్ట పరీక్ష ముగిసిన పండ్రెండవదినమున వచ్చినది. వ్రాసిన ఉత్తరములకు జవాబు లేదు. ఆ పత్రమున తప్పితిని. ఫీజు మరల కట్టితిని. నా సంగతి యెట్లున్నను, అట్లు తప్పి మరల పుస్తకము ముట్టనివారిని నేనెరుగుదును. పాఠము వ్రాయుట యొక పని, దానిని వేళకు చేర్చుట మరియొక పని. ఈ రెండవదానిని మన పెద్దసంస్థలు చిరకాలము గుమాస్తాపనిగా నెంచి ఉపేక్షించినవి.

ఈ లోపమును గుర్తించి దిద్దబూనినది సార్వత్రిక విశ్వవిద్యాలయము. ఇంగ్లండులో 1969 లో అట్టిదొకటి స్థాపింపబడి, 1971 లో విద్యార్థులను చేర్చుకొన్నది. భారతదేశమున మొట్టమొదటిది మన తెలుగునాట 1982 లో ఏర్పడినది. అప్పటి ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్ గారు. తొలి ఉపాధ్యక్షులు కరీంనగరం జిల్లాలో పుట్టి ఉస్మానియాలో ఆచార్యులైన గుర్రం రామరెడ్డిగారు. 1991 లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి పేరు పెట్టిరి. రామరెడ్డిగారు 1985 లో ఢిల్లీ పోయి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపాధ్యక్షులైరి. దేశమంతయు అనుసరించిన ఈ పద్ధతి తెలుగునేలమీద పరీక్షింపబడినదని మనము గర్వించినచో తప్పులేదు.

ఆ పద్ధతిలోని కీలకములు మూడు. ఇంటరు లేనివాడైనను అర్హతపరీక్షలో నెగ్గినచో డిగ్రీలో చేరుటకు అప్పుడు వీలుండెడిది. పుస్తకములు తెలుగున, ఒంటరిగా చదువువానికి బోధపడునట్లు వ్రాయింపబడినవి. అన్నిటికంటె ముఖ్యము, ఊరూరనున్న కళాశాలలలోనే అధ్యయనకేంద్రములు తెరచి, సెలవుదినములలో అచ్చటి ఉపాధ్యాయులచేతనే సందేహములు తీర్పించిరి. రేడియోలోను పాఠములు ప్రసారము చేసిరి. నేను కొన్నియేండ్లు అట్టి కేంద్రమున ఆదివారములు పాఠము చెప్పితిని. జూటుమిల్లులో రాత్రిషిఫ్టు దిగి, కన్నులు ఎర్రగా, తలలో నార అంటియుండగానే వచ్చి ముందుబల్లమీద కూర్చుండెడివాడొకడు. చంటిబిడ్డను వరండాలో అత్తగారి కప్పగించి వచ్చెడి కోడలొకతె. ఆ అత్తగారు కిటికీలోనుండి చరిత్రపాఠము విని, "మా తాత చెప్పినది వేరు" అని నాతో వాదమునకు దిగెడిది. కళాశాల తరగతిలో నేను ముప్పదేండ్లు చెప్పితిని గాని, అంతటి శ్రద్ధ అచ్చట చూడలేదు.

ఆ తరువాత ఆకాశమునుండియు పాఠములు దిగినవి. 1984 లో దూరదర్శనమున విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారి పాఠములు ఆరంభమైనవి. 2004 లో చదువుకే ప్రత్యేకించిన ఎడ్యుశాట్ ఉపగ్రహమును ఎగురవేసిరి. ఇవి కొంత ఉపకరించినవి. కాని ఒకవైపు మాటయే. టెలివిజనుపెట్టెను ప్రశ్న యడుగ వీలులేదు గదా!

ఇంటర్నెట్టు వచ్చిన పిమ్మట ఆ కొరత కొంత తీరినది. 2003 లో ఐ.ఐ.టి.లును బెంగుళూరి విజ్ఞానసంస్థయు కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పేర ఇంజనీరింగు పాఠములను చిత్రించి లోకమునకు ఉచితముగా పెట్టసాగినవి. 2017 జులైలో కేంద్రప్రభుత్వము "స్వయం" అను వేదికను తెరచినది. ఇట్టి పాఠము తయారగు విధము వినదగినది. గంటసేపటి ఉపన్యాసమును ఉన్నదున్నట్లు పెట్టరు. దానిని చిన్నతునుకలుగా కోసి, తునుక తునుకకు చదువదగిన పాఠము, స్వపరీక్షకు ప్రశ్నలు, సందేహములు చర్చించుటకు చావడివంటి చోటు, ఈ నాలుగును అమర్చుదురు. వారమువారము ఇంటిపని ఇత్తురు. ఎన్.పి.టి.ఇ.ఎల్. లెక్కలో ఆ ఇంటిపనికి నూటికి ఇరువదియైదు పాళ్లు, కేంద్రమునకు పోయి కాపలామధ్య వ్రాయు పరీక్షకు డెబ్బదియైదు పాళ్లు. వినుటకు రుసుము లేదు. పరీక్ష వ్రాసి యోగ్యతాపత్రము కోరువారే చెల్లింపవలెను. 2021 నుండి ఒక కళాశాల విద్యార్థి తన చదువులో నూటికి నలుబది పాళ్లవరకు ఇట్టి పాఠములనుండి గడించుకొనవచ్చునని గ్రాంట్ల సంఘము అనుమతించినది. ఇన్ని యేర్పాట్లున్నను, చేరినవారిలో కడవరకు నిలుచువారు కొద్దిమందియే. ఇది మన దేశమున మాత్రమే కాదు, లోకమంతట నున్నదే. తోడులేని చదువు రామమూర్తిగారివంటి వారికే సాగును. తక్కినవారికి ఆదివారపు ఉపాధ్యాయుడు కావలెను.

2020 మార్చిలో కరోనా మూలమున కళాశాలలన్నియు మూతపడినపుడు ఈ సంగతి నగ్నముగా బయటపడినది. పట్టణములోని పిల్లలు ఇంటగూర్చుండి పాఠము వినిరి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురము వైపున ఫోను ఉన్నను గాలిలో పలుకులేదు. పలుకున్నచోట ఇంటికంతకును ఒకే ఫోను, అది తండ్రితోకూడ పనికి పోవును. శ్రీకాకుళమునొద్ద ఎచ్చెర్లలో 2008 లో అంబేద్కర్ విశ్వవిద్యాలయము, 2019 లో విజయనగరమున కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము వెలసినవి. నూరేండ్లనాడు సవరబిడ్డకు సవరభాషలో వాచకము వ్రాసిన సీమ యిది. ఇప్పుడు బండమీద కూర్చుండి ఆ బాలిక విన్న పాఠము ఇంగ్లీషులో నుండెను. "అర్థమగుచున్నదా?" అని అడిగితిని. "సగం తాతా" అన్నది. ఆ మిగిలిన సగమును ఎవరు చెప్పవలెనన్న ప్రశ్నకు ఫోనులో జవాబు లేదు.

బొటనవ్రేలి మాట చెప్పి ముగించెదను. ఇంట కూర్చుండి పట్టము గడించు వీలున్నచోట, పట్టము నమ్ముకొనువారును చేరుదురు. కొన్ని డీమ్డు విశ్వవిద్యాలయములు అనుమతి లేకయే ఇంజనీరింగు పట్టములను దూరవిద్యలో నిచ్చినవి. 2017 నవంబరులో సుప్రీముకోర్టు తీర్పు వచ్చెను. 2001 నుండి 2005 వరకు చేరినవారి పట్టములు నిలుపుదలయై, వారు మరల పరీక్ష వ్రాయవలసివచ్చినది. తరువాత చేరినవారివి చెల్లకపోయినవి. ఉద్యోగము చేయుచు, అప్పుచేసి ఫీజు కట్టి, సంవత్సరములు చదివినవారు వారు. 2020 నాటి నిబంధనలు ఈ విషయమున స్పష్టముగా నున్నవి. వైద్యము, ఇంజనీరింగు మొదలగు పట్టములను ఆన్‌లైనులో నియ్యరాదు. గుర్తింపు పొందిన సంస్థలు సక్రమముగా నిచ్చిన పట్టము మాత్రము కళాశాలలో కూర్చుండి చదివినదానితో సమానమే.

కాబట్టి మీ ఇంటి బిడ్డయో, మనుమడో, కోడలో ఇట్టి చదువున చేరెదనని వచ్చినపుడు రంగులకాగితము చూచి సొమ్మియ్యకుడు. గ్రాంట్ల సంఘమువారి దూరవిద్యామండలి ఏయే సంస్థకు, ఏయే చదువునకు, ఏ సంవత్సరమునకు అనుమతి కలదో పట్టికగా ప్రకటించుచున్నది. సంస్థపేరు ఉన్నంతమాత్రమున చాలదు. ఆ చదువు పేరును, ఆ సంవత్సరమును రెండును ఉండవలెను. పిల్లవానిచేతనే తన ఫోనులో ఆ పట్టిక తీయించి, మీయెదుట చదివించుకొనుడు. పరీక్షాకేంద్రమెక్కడ, సందేహము తీర్చువారెవరు, పుస్తకము తెలుగున నున్నదా అని అడుగుడు. వీలున్నచో పంచాయతీ గ్రంథాలయమున సాయంకాలము రెండుగంటలు ఒక గదియు, దీపమును, ఇంటర్నెట్టు తీగయు ఇప్పింపుడు. మా ఊరిలో అట్టి గది యొకటి నిరుడు తెరచితిమి. మొదటిదినమున ముగ్గురు వచ్చిరి. వారిలో ఒకడు నలుబదియేండ్లు దాటిన రైతు; కొడుకుతో కలిసి డిగ్రీ చదువుటకు వచ్చెను.