మృదంగపు వైశాల్యం

రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన ‘గణితసార సంగ్రహం’లో నన్ను మిక్కిలి ఆకర్షించినది క్షేత్రగణితం. పావులూరి మల్లన తెనిగించినది ఈ గ్రంథాన్నే.

మృదంగాకార క్షేత్రానికి ఆయన రెండు మార్గాలు చెప్పాడు. ముఖాన్నీ నడుమునూ కూడి, సగంచేసి, పొడవుతో గుణించడం వ్యావహారికం. ముఖాన్ని పొడవుతో గుణించి, ఇరుపక్కల ఉబ్బిన ధనుస్సుల ఫలాలను కలపడం సూక్ష్మం. నడుము సన్ననైన పణవానికైతే ఆ ధనుస్సులను తీసివేయాలి. ధనుస్సు ఫలమంటే అల్లెతాటి పొడవును బాణంతోనూ, 10 వర్గమూలంతోనూ గుణించి 4చే భాగించగా వచ్చేది.

పొడవు 20, ముఖం 10, నడుము 18 అనుకుందాం. అప్పుడు బాణం 4. మొదటి మార్గంలో 280, రెండవదానిలో దాదాపు 326 వస్తాయి. వంపులు వృత్తఖండాలైతే నేటి లెక్కకు 310. అది పొలమే అయితే, వంపును సరళరేఖగా ఎంచిన మొదటి లెక్కలో 30 పాళ్ల నేల మాయమైనట్లే!

సూక్ష్మమూ సంపూర్ణం కాదు. కానీ అందులో తప్పు ధనుస్సు సూత్రానిదే. దాన్ని సవరిస్తే చాలు. తెలియని ఆకారాన్ని తెలిసిన ఖండాలుగా విడదీసే పద్ధతి నేటికీ చెక్కుచెదరలేదు.