శస్త్రచికిత్స తరువాతి నొప్పి

గోదావరిఖనివంటి బొగ్గుగనుల ఊళ్లలో, బండ కూలి కాలు విరిగిన కార్మికుని ఆసుపత్రికి చేర్చినపుడు ఇంటివారు మొదట అడుగునది "పానానికేం భయం లేదు గద సారూ?" అని. కత్తి పడిన పిమ్మటి నొప్పిని గూర్చి అడుగువారరుదు. అది ఓర్చుకొనవలసినదేయని మనవారి నమ్మకము. ఆ నొప్పితో వైద్యులు సాగించిన పోరాటమును నేడు మీకు విన్నవింతును.

ఈ కథలో మన హైదరాబాదునకు చోటు కలదు. 1847లో ఎడిన్‌బరోలో సింప్సను వాడుకలోనికి తెచ్చిన క్లోరోఫారమువలన కొందరు బల్లమీదనే మరణించుచుండిరి. ముందాగునది గుండెయా, ఊపిరియా? దీనిని తేల్చుటకు అఫ్జల్‌గంజు ఆసుపత్రి వైద్యుడగు ఎడ్వర్డు లారీ 1888లో నొకటి, 1889లో నొకటి పరిశోధక సంఘములను నడపెను. రెండవదానికై ఆరవ నిజాము వేయి పౌనులిచ్చి, ఇంగ్లండునుండి లాడర్ బ్రంటన్‌ను రప్పించెను. నాలుగు వందలకు పైగా జంతువులపై పరీక్షలు జరిగినవి. పాపము, ఆ మూగజీవుల మాట చరిత్రలో ఎవరును తలపరు! ఊపిరియే ముందాగును గనుక, మత్తిచ్చువాడు నాడినిగాక శ్వాసనే కనిపెట్టి యుండవలెనని లారీ సిద్ధాంతము. 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికమత్తులోనే గుండె హఠాత్తుగా గతి తప్పగలదని పిల్లులపై నిరూపించెను. లారీ వాదము సగము కూలినది. తక్కిన సగము తొంబది యేండ్లకు మరియొక త్రోవలో అక్కరకు వచ్చినది.

1898లో జర్మనీలోని కీలు నగరమున ఆగస్టు బియర్ వెన్నుద్రవములోనికి కొకెయిను ఎక్కించి శరీరపు దిగువభాగమును మొద్దుబారునట్లు చేసెను. అది కొంతసేపే నిలుచును, కాళ్లును కదలవు. 1973లో నల్లమందు జాతి మందులు అతుకుకొను తావులు నాడీమండలమున కనుగొనబడినవి. 1976లో యాక్ష్, రూడీ అనువారలు ఎలుకల వెన్నులో మార్ఫీను పెట్టి నొప్పి తగ్గుట చూపిరి. 1979లో అది మనుష్యులకును అందినది. కండరమున 10 మిల్లీగ్రాములు వాడుచోట వెన్నుద్రవమున 0.1 మొదలు 0.2 చాలును; ఇంచుమించు ఒక దినము నొప్పిని అణచును; కాళ్ల సత్తువ పోదు. దురద, వాంతి, మూత్రము బిగియుట కొందరికి కలుగును.

అసలు అపాయము వేరు. మార్ఫీను క్రొవ్వులో అంతగా కరగదు. వెన్నుద్రవముననే నిలిచి, మెల్లగా పైకి ప్రాకి మెదడును చేరును. అందుచే ఎన్నో గంటల పిమ్మట, రోగి హాయిగా నిద్రించుచున్నాడని అందరును సంతోషించువేళ, ఊపిరి మందగింపవచ్చును. ఇచటనే లారీ మాట నిలిచినది!

1985నాటి మాదకద్రవ్యముల చట్టమువలన, నల్లమందు పండించు మన దేశముననే మార్ఫీను ఆసుపత్రులకు దుర్లభమైనది. 2014 సవరణ ఆ చిక్కులను కొంత సడలించినది. నా మట్టుకు, సీసా దొరకుటకంటె మనిషి దొరకుటయే కష్టమని తోచును. రాత్రి రెండు గంటలకు మంచము ప్రక్కన నిలిచి నిమిషమునకు ఎన్ని ఊపిరులో లెక్కించి, పదికి లోపడినచో వైద్యుని లేపగల నర్సు కావలెను. విరుగుడగు నాలోక్సోను చేరువనే యుండవలెను.