ఫామిత్సు కథ: మార్కులు వేసే పత్రిక, గేమ్‌లు అమ్మే యజమాని

వీడియో గేమ్‌ల చరిత్ర అనగానే మనం గేమ్‌లు తయారుచేసినవాళ్ళ గురించే మాట్లాడుకుంటాం. ఈ ఎపిసోడ్‌లో వాటికి మార్కులు వేసినవాళ్ళ గురించి చెప్తాను. జపాన్‌లో ఫామిత్సు అని ఒక వారపత్రిక ఉంది. దాన్ని నడిపిన సంస్థల కథ చూస్తే ఒక ప్రశ్న వస్తుంది. మార్కులు వేసే పత్రిక యజమానే గేమ్‌లు కూడా అమ్ముతుంటే, ఆ మార్కులను నమ్మేదెలా?

మొదటి నుంచీ వద్దాం. 1977లో కజుహికో నిషి అనే కుర్రాడు వాసెడా యూనివర్సిటీలో చదువుకుంటూ, ఇద్దరు మిత్రులతో కలిసి టోక్యోలో ఆస్కీ అనే ప్రచురణ సంస్థ పెట్టాడు. అప్పటికి అతని వయసు ఇరవై ఒకటి. వాళ్ళ మొదటి పత్రిక పేరు కూడా ఆస్కీనే, పూర్తిగా కంప్యూటర్ల గురించి. తర్వాత నిషి బిల్ గేట్స్‌తో చేతులు కలిపాడు, జపాన్‌లో మైక్రోసాఫ్ట్ వ్యాపారం ఆస్కీ ద్వారానే నడిచింది. ఆ స్నేహం 1986లో చెడింది. మైక్రోసాఫ్ట్ అక్కడ సొంత కంపెనీ పెట్టుకుంది.

అదే ఏడాది ఆస్కీలో ఇంకో చెట్టు మొలిచింది. ఆస్కీకి 1982 నుంచి లాగిన్ అనే పత్రిక ఉండేది. అందులో నింటెండో వాళ్ళ ఫామికామ్ గేమ్‌ల గురించి కొన్ని పేజీలు వచ్చేవి. వాటినే విడదీసి 1986 జూన్‌లో ఫామికామ్ త్సూషిన్ అని కొత్త పత్రిక తెచ్చారు. ఫామికామ్ కబుర్లు అన్నమాట. అదే తర్వాత ఫామిత్సు అయింది. డ్రాగన్ క్వెస్ట్ మొదటి గేమ్ మార్కెట్లోకి వచ్చి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. అయితే ఈ రంగంలో వీళ్ళు మొదటివాళ్ళు కాదు. తోకుమా షోతెన్ అనే సంస్థ ఒక ఏడాది ముందే, 1985లో, ఫామికామ్ పత్రిక పెట్టేసింది.

ఫామిత్సుకు పేరు తెచ్చింది క్రాస్ రివ్యూ. నలుగురు ఒకే గేమ్ ఆడి, ఎవరికి వాళ్ళు పదికి మార్కులు వేస్తారు. మొత్తం నలభై. ఒక్కరి ఇష్టాయిష్టాల మీద తీర్పు నిలబడదు, నలుగురిలో తేడా వస్తే అదీ కనిపిస్తుంది. కొనేవాడికి ఇది చాలా ముఖ్యం. ఇంటర్నెట్ లేని రోజులు, ఒకసారి కొన్నాక గేమ్ బాగోలేదంటే డబ్బు పోయినట్టే.

కానీ ఆస్కీ పత్రికలతో ఆగలేదు. విజర్డ్రీ, డెర్బీ స్టాలియన్ లాంటి గేమ్‌లు కూడా అమ్మింది. సినిమా తీసే సంస్థే సినిమా రివ్యూలు కూడా రాసినట్టు అన్నమాట. పైగా పత్రికకు ప్రకటనలు ఇచ్చేదీ గేమ్ కంపెనీలే.

1991లో నిషి మిత్రులు ఇద్దరూ బయటికి వెళ్ళిపోయారు. అప్పుల్లో పడ్డ ఆస్కీని 1997 చివర్లో సీఎస్‌కే సంస్థ అధిపతి ఇసావో ఒకావా డబ్బు పెట్టి ఆదుకున్నాడు. ఇక్కడే అసలు మెలిక. ఆ సీఎస్‌కేనే సెగాకు మాతృసంస్థ! 1998 నవంబర్‌లో సెగా కొత్త మెషిన్ డ్రీమ్‌కాస్ట్ వచ్చింది. సరిగ్గా అదే నెలలో ఫామిత్సు చరిత్రలో మొదటిసారి నలభైకి నలభై పడ్డాయి. ఎవరికి? ప్రత్యర్థి నింటెండో వాళ్ళ జెల్డా గేమ్ ఆకారినా ఆఫ్ టైమ్‌కు. ఆ మరుసటి ఏడాది రెండోసారి పడింది డ్రీమ్‌కాస్ట్ గేమ్ సోల్‌కాలిబర్‌కు. అది చేసింది నామ్‌కో. నా దృష్టిలో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సినవి.

2000లో ఫామిత్సు ఎంటర్‌బ్రెయిన్ అనే సంస్థ చేతికి వెళ్ళింది. 2004లో ఆ సంస్థ కడోకవా గూటికి చేరింది. కడోకవాలోనూ ఒక ఇంటి గొడవ ఉంది. 1992లో అన్న హరుకితో పడక తమ్ముడు త్సుగుహికో బయటికొచ్చి మీడియావర్క్స్ పెట్టాడు, డెంగెకి పేరుతో గేమ్ పత్రికలు తెచ్చాడు. మరుసటి ఏడాది మాదకద్రవ్యాల కేసులో అన్న అరెస్టవడంతో తమ్ముడే తిరిగొచ్చి కడోకవా పగ్గాలు పట్టాడు. అలా ఫామిత్సు, దాని పోటీదారు డెంగెకి చివరికి ఒకే చూరు కిందకొచ్చాయి.

2014లో కడోకవా ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌ను కొన్నది. ఎల్డెన్ రింగ్ చేసిన కంపెనీ అదే. అంటే పాత ప్రశ్న ఇప్పటికీ తీరలేదు, ఇంకా పెద్దదైంది.

దీనికి నేను చెప్పేది ఒకటే. యజమాని ఎవరో తెలుసుకుని చదవండి, కానీ ఆ ఒక్క కారణంతో మార్కులను కొట్టిపారేయకండి. మొత్తం కాకుండా నలుగురి అంకెలూ విడివిడిగా చూడండి. ఆ పత్రిక పాఠకుడికి ఇచ్చిన అసలు ఆయుధం అదే.

మీరేమంటారో కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.