నకలు కావాలంటే ఎవరిని అడగాలి?

కొండాపూర్‌కూ మియాపూర్‌కూ మధ్య ఉన్న హఫీజ్‌పేట్‌లో అందరూ ముందు అడిగేది గజం ధర. తెలిసినవాళ్లు మాత్రం కాగితాలు అడుగుతారు. ఇది ఒకప్పటి పాయిగా నవాబుల జాగీరు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. అస్మాన్‌జాహీ పాయిగా వారసుల పంపకాల దావా సీఎస్ 14/1958 నంబరుతో హైకోర్టుకెక్కింది. 1963లో ప్రిలిమినరీ డిక్రీ వచ్చినా తగాదాలు తెగలేదు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులో తాత పేరు ఉందా లేదా అన్నదాని మీద మనవల బతుకులు నడిచిన ఊర్లలో ఇదీ ఒకటి. ఎవరి వివరాలు ఎవరు చూడొచ్చన్న ప్రశ్న ఇలాంటి చోట చట్టాల పుస్తకంలో ఆగదు, వాకిట్లోకే వస్తుంది.

తెలంగాణ పల్లెల్లో ఆ వివరాలన్నీ చాలాకాలం పట్వారీ ఇంట్లోనే ఉండేవి. ఎవరి భూమి ఎంత, సాగులో ఎవరున్నారు, శిస్తు ఎంత బాకీ, అన్నీ ఆయన దస్త్రంలోనే. నకలు కావాలంటే ఆయన గడప తొక్కాల్సిందే, చేయి తడపాల్సిందే. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. దస్త్రాలు ఇల్లు మారాయి. గడప తొక్కడం తప్పలేదు.

రిజిస్ట్రేషన్ శాఖ దారి వేరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టాన్ని ఇప్పుడు చదివినా ముచ్చటేస్తుంది. వ్యక్తిగత గోప్యత అన్న మాట ఎత్తకుండానే, ఏది ఎవరికి చూపాలో 57వ సెక్షన్ పుస్తకాలవారీగా తేల్చేసింది. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. కొనేవాడు మోసపోకూడదు కదా! వీలునామాలుండే మూడో పుస్తకం అలా కాదు. రాసిన మనిషి బతికున్నంతకాలం నకలు ఆయనకో, ఆయన ఏజెంటుకో మాత్రమే. పోయాక ఎవరడిగినా ఇవ్వాలి. నాలుగో పుస్తకంలోని దస్తావేజుల నకలు వాటితో సంబంధమున్నవాళ్లకే. ఈ రెండు పుస్తకాల్లో వెతకాల్సింది కూడా సబ్ రిజిస్ట్రారే, అడిగినవాళ్ల చేతికివ్వకూడదు. అర్జీ మీద స్టాంపు, నకలు కింద రాసినవారి సంతకం, పక్కన సరిచూసినవారి సంతకం: పద్ధతి నత్తనడకే అయినా హద్దు స్పష్టం.

1998 నవంబరులో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి ‘కార్డ్’ కంప్యూటర్లు వచ్చాక, ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ రోజుల పని కాస్తా నిమిషాల పని అయింది. హద్దు మాత్రం మారలేదు.

2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుం లేదు, మండల ఆఫీసులో ఐదు రూపాయలు, ఆ పైన పది. ఎందుకని అడగకుండా ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. వ్యక్తిగత సమాచారానికి 8(1)(జె) అనే అడ్డుకట్ట ఉంది. కానీ చట్టసభకు ఇవ్వక తప్పని సమాచారాన్ని పౌరుడికీ కాదనకూడదన్న మాట అందులోనే ఉండేది. ఉద్యోగుల మెమోలు, ఆస్తుల వివరాలు వ్యక్తిగతమేనని 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, అధికారులకు ఆ క్లాజు బాగా అలవాటైపోయింది. పై అప్పీలు సంగతి చెప్పక్కర్లేదు. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, దాన్ని వినాల్సిన తెలంగాణ సమాచార కమిషన్‌లో ఒక్క కమిషనరూ లేరు.

అడిగినవాళ్లకు ఇవ్వడంలో ఇంత బిగువు చూపే సర్కారు, తాను తీసుకునేటప్పుడు చూపదు. 2020 అక్టోబరులో భూముల రికార్డుల పోర్టల్ ధరణి కోసం హైదరాబాద్‌లో ఇల్లిల్లూ తిరిగి యజమానుల ఆధార్, కులం, కుటుంబసభ్యుల వివరాలు రాసుకున్నారు. ఏ చట్టం ప్రకారం అడుగుతున్నారని హైకోర్టు నిలదీసింది. నవంబరులో ఆ సేకరణను ఆపింది, డిసెంబరులో ఆధార్ గడి తీసేయమంది. దాంతో వ్యవసాయేతర ఆస్తుల రిజిస్ట్రేషన్లు మళ్లీ పాత ‘కార్డ్’ పద్ధతికే వెళ్లాయి. అదే ధరణిలో, పట్టాదారు కోరితే తన భూమి వివరాలు ఇతరులకు కనపడకుండా దాచుకునే వెసులుబాటు కూడా ఉండేది. సామాన్య రైతుకు దానితో ఏం పని అని ప్రశ్నించినవాళ్లు తక్కువేం కాదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇప్పుడు 8(1)(జె)ని ఒక్క ముక్కకు కుదించింది: వ్యక్తిగత సమాచారమైతే ఇవ్వనక్కర్లేదు. చట్టసభ ప్రస్తావన పోయింది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న 8(2) మిగిలింది. ఈ సవరణ 2025 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. తన డేటా ఏముందో చూపమని పౌరుడు అడిగే హక్కు కూడా ఆ చట్టంలో ఉంది, అయితే దానికి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. 2027 మేలో వచ్చే ఆ హక్కు కూడా సమ్మతితో అప్పగించిన వివరాలకే. పథకాల పేరుతో సమ్మతి లేకుండానే సర్కారు వాడుకునేవి అందులోకి రావు.

ఇప్పటికైతే హఫీజ్‌పేట్ మనిషి తన పేరున్న రికార్డు చూడాలంటే శేరిలింగంపల్లి మండల ఆఫీసులో ఆ పాత ఐదు రూపాయల సమాచార హక్కు దరఖాస్తే పెట్టుకోవాలి.