పిల్లి బొమ్మల గుడిలో కలిసిపోయిన గుడి



ఈసారి మన ఊళ్లు వదిలి కాస్త దూరం వెళ్దాం. టోక్యోలో అసాకుసా స్టేషన్ దగ్గర దిగి, సుమిదా నది వెంట ఉత్తరంగా పావుగంట నడిస్తే ఇమాదో అనే పేట వస్తుంది. అక్కడ ఇళ్ల మధ్య ఒక షింతో గుడి ఉంది. సదస్సు పని మీద వెళ్లిన నేను, ఖాళీ దొరికిన ఒక పూట అక్కడికి నడిచాను. పెద్ద గుడేం కాదు, కానీ జనం బాగా ఉన్నారు. ఎక్కువమంది పెళ్లికాని ఆడపిల్లలు, కుర్ర జంటలు. ఇది పెళ్లిళ్లు కుదిర్చే గుడి అని పేరు.

లోపల చెయ్యి పైకెత్తి జంటగా కూర్చున్న పిల్లి బొమ్మలు. కోరికలు రాసి వేలాడదీసే చెక్కపలకలు ఇక్కడ గుండ్రంగా ఉంటాయి. జపాను భాషలో 'ఎన్' అంటే వలయం. అదే పలుకుబడితో బంధం అనే అర్థం కూడా ఉంది. అందుకే గుండ్రటి పలక.

ఈ గుడికి మూడు కథలున్నాయి.

మొదటిది సేనానుల కథ. 1063లో మినామోతో యోరియోషి, అతని కొడుకు యోషియే ఉత్తరాది యుద్ధాల కాలంలో హచిమాన్ దేవుణ్ని ఇక్కడ ప్రతిష్ఠించారట. రెండోది పేదరాలి కథ. 1852 ప్రాంతంలో ఒక ముసలమ్మ తిండికి గడవక తన పిల్లిని వదులుకుంది. అది కలలోకి వచ్చి, నా బొమ్మ చేసి అమ్ముకో, నీకు మేలు జరుగుతుందంది. ఆమె ఇమాదో మట్టితో బొమ్మలు చేయించి అమ్మింది, బాగుపడింది. మన కిరాణా కొట్ల గల్లాపెట్టెల మీద కూడా కనిపించే ఆ చెయ్యూపే పిల్లి ఇక్కడే పుట్టిందంటారు. ఆ పుట్టుక మాదేనని చెప్పుకునే గుళ్లు టోక్యోలో ఇంకా ఉన్నాయనుకోండి. మూడోది ఓకితా సోజి అనే యువ ఖడ్గవీరుడి కథ. క్షయతో బాధపడుతూ 1868లో ఇక్కడే చనిపోయాడని ఒక రాయి పాతారు.

నేను వెళ్లింది వీటి కోసం కాదు. ఈ గుడి చరిత్రలో ఒక్క వాక్యం ఉంది: 1937లో పక్కనున్న హకుసాన్ గుడిని ఇందులో కలిపి, ఇమాదో గుడి అని పేరు మార్చారు. ఆ వాక్యం కోసం వెళ్లాను.

ఆ హకుసాన్ గుడి ఎవరిది? తోలు పనివాళ్లది.

ఎదో కాలంలో, అంటే టోక్యోని ఎదో అని పిలిచిన రోజుల్లో, ఈ పక్కనే గోడ కట్టిన ఒక వాడ ఉండేది. దాని పెద్ద దన్‌జయెమోన్. అది ఒక మనిషి పేరు కాదు, పదమూడు తరాలు మోసిన పేరు. తూర్పు జపానులోని చాలామంది అంటరానివాళ్ల మీద అతనికి అధికారం. చచ్చిన పశువుల తోలు తియ్యడం, ఆ తోలుతో సామాన్లు చెయ్యడం, ఖైదీల కాపలా, మరణశిక్షల పని వాళ్లవి. వాళ్లని 'ఎతా' అన్నారు. ఆ మాటని రాసే అక్షరాలకి అర్థం 'మైల మెండుగా ఉన్నవాళ్లు' అని. పెద్దకి అధికారం ఇచ్చారు, చుట్టూ గోడ కూడా ఇచ్చారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. షింతో గుడిలో మోగే పెద్ద డోలుకి తోలు కావాలి. షామిసెన్ అనే తంత్రీ వాద్యానికి పిల్లి తోలు వేస్తారు. మైల అంటని దేవుడికి ఆ డోలు మోగాలి, దాన్ని బిగించిన చెయ్యి మాత్రం గోడ అవతల ఉండాలి. మా తాత డప్పు మోగనిదే మా ఊరి జాతర కదిలేది కాదు. గుడి మెట్టు మాత్రం ఆయన ఎక్కలేదు. ఇంక నాకు ఎవరు విడమరచి చెప్పాలి?

ఓకితాకి వైద్యం చేసిన డాక్టరు మత్సుమోతో రియోజున్. 1868లో పదమూడో దన్‌జయెమోన్‌ని అంటరాని హోదా నుంచి తప్పించమని ప్రభుత్వంతో మాట్లాడిందీ ఆయనే. రోగి పేరుతో రాయి ఉంది. ఆ రెండో పని ఎంతమందికి తెలుసు?

1871లో కొత్త ప్రభుత్వం అంటరాని హోదాల్ని రద్దు చేసింది. దాంతోపాటు తోలు మీద వాళ్లకున్న హక్కూ పోయింది. పేరు తీసేశారు, బతుకుతెరువు తీసేశారు, భూమి ఇవ్వలేదు. పశ్చిమ జపానులో కొన్నిచోట్ల రైతులు ఆ వాడల మీద పడి ఇళ్లు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. తర్వాత వాళ్లకి అంటిన పేరు 'బురాకుమిన్'. బురాకు అంటే పల్లె. మన 'పల్లె', 'వాడ' లాగే వినడానికి మామూలు మాట, విన్నవాడికి అర్థమయ్యే మాట.

1922 మార్చి 3న క్యోటోలో వాళ్లు సుయిహేషా పెట్టుకున్నారు. తమని తిట్టిన పేరునే తలెత్తుకుని పలికారు. నల్ల జెండా మీద ఎర్రటి ముళ్ల కిరీటం వాళ్ల గుర్తు.

ఇప్పుడు గుండ్రటి పలకల దగ్గరికి తిరిగొద్దాం. ఈ గుడి పెళ్లిళ్లు కుదిర్చేది ఎందుకయ్యిందంటే, ఇజానాగి, ఇజానామి అనే ఆది దంపతులు ఇక్కడ కొలువున్నారు కాబట్టి. హకుసాన్ గుళ్లలో మామూలుగా కొలిచేది ఈ దంపతుల్నీ కికురిహిమె అనే దేవతనీ. అంటే తోలు పనివాళ్లు కొలిచిన దంపతుల ముందే ఈ రోజు టోక్యో పిల్లలు మంచి సంబంధం కోసం మొక్కుతున్నారు. అదే దేశంలో ఒక అబ్బాయి బురాకు ఇంటివాడని తెలిస్తే కుదిరిన సంబంధం తప్పిపోతుంది. వంశాల ఆరా తీయడానికి డిటెక్టివ్‌లని పెట్టుకున్నారు. బురాకు వాడల చిరునామాలతో రహస్యంగా అచ్చేసిన పుస్తకాల్ని కంపెనీలు కొన్నాయని 1975లో బయటపడింది. ఈ వివక్ష ఇంకా ఉందని ఒప్పుకుంటూ చట్టం చేసింది 2016లో.

మనల్ని 'మీరేవిట్లు?' అని అడుగుతారు. వాళ్లని 'మీ సొంతూరు ఏది?' అని అడుగుతారు. నా డాక్టరేట్ చూసి ముచ్చటపడిన ఒక ఇంటి యజమాని, ఆ ప్రశ్నకి నా జవాబు విన్నాక ఇల్లు వేరేవాళ్లకి మాటిచ్చామన్నాడు.

జపాను పాత గ్రంథం 'నిహోన్ షోకి'లో కికురిహిమె ఒక్కసారే కనిపిస్తుంది. చనిపోయిన ఇజానామి, ప్రాణాలతో ఉన్న ఇజానాగి మృత్యులోకపు సరిహద్దులో తగువులాడుతుంటే ఆమె ఏదో చెబుతుంది. ఇజానాగి మెచ్చుకుని వెళ్లిపోతాడు. ఏం చెప్పిందో గ్రంథంలో లేదు. తూర్పు జపానులో ఇన్ని బురాకు వాడలు హకుసాన్ గుళ్లు ఎందుకు కట్టుకున్నాయో పండితులు రకరకాలుగా చెబుతారు. నాకు తోచేది ఒకటే. చావుకీ బతుకుకీ మధ్య నిలబడి పనిచేసేవాళ్లకి, వాళ్లలాగే మాట రికార్డుకెక్కని దేవత దగ్గరగా అనిపించి ఉంటుంది.

ఇక్కడో చిక్కుంది. చెప్పకపోతే చరిత్ర పోతుంది. చెబితే ఆ చిరునామా ఎవరి పెళ్లినో చెడగొట్టొచ్చు. అందుకే నేను దన్‌జయెమోన్ కాలం గురించే రాశాను, ఈ రోజు అక్కడున్న ఒక్క ఇంటి గురించీ రాయలేదు. దాచడమా చెప్పడమా అన్నది ఆ ఇంటివాళ్లు తేల్చుకోవాలి. దాచుకోవాల్సిన అవసరం లేకుండా చెయ్యడం మాత్రం అందరి పని.

విద్యార్థి మిత్రులకి ఒక చిన్న పని. సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ ఊరి గుడి స్థలపురాణం వినండి. విన్నాక వాడకి వెళ్లి అడగండి: డోలు బిగించింది ఎవరు, మొదట పూజ చేసింది ఎవరు, ఏ దేవతని ఏ గుడిలో ఎప్పుడు కలిపేశారు. ముసలివాళ్లు ఉండగానే రాసుకోండి.

జై భీమ్.