ఈగ తిండి – ఈగ సంతతి

మన చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉన్నది. మాంసమున్న చోట దానిపై వాలే ఈగను గురించియు ఆలోచించక తప్పదు. కుళ్లిన మాంసంలో పురుగులు వాటంతట అవే పుడతవని లోకం చిరకాలం నమ్మినది. 1668లో ఇటలీ వైద్యుడు ఫ్రాంచెస్కో రెడి పాత్రలకు పలుచని గుడ్డ కట్టి, ఈగ వాలని మాంసంలో పురుగు పుట్టదని నిరూపించినాడు.

మరి ఆ పురుగు తినే తిండికీ, తర్వాతి తరానికీ సంబంధమేమి? ఆస్ట్రేలియాలో ఇది గొర్రెల పెంపకందార్లకు ప్రాణప్రశ్న. అక్కడ ఈగ పురుగులు బ్రతికి ఉన్న గొర్రె చర్మాన్నే తొలుస్తవి. కాన్‌బెరాలో ఎ. జె. నికల్సన్ ఆ ఈగలను పంజరాలలో పెంచి, 1954లో ఫలితాలు ప్రకటించినాడు. ఈగలకు కావలసినంత ఆహారం. పురుగులకు మాత్రం రోజుకు 50 గ్రాముల కార్జమే. ఈగలు హెచ్చినప్పుడు గుడ్లు హెచ్చినవి; పురుగులు కిక్కిరిసి, ఏ ఒక్కదానికీ చాలినంత దొరకక నశించినవి. ఈగలు తగ్గి గుడ్లు తగ్గిన పిమ్మట, కొద్ది పురుగులే కడుపునిండ తిని తిరిగి ఈగలైనవి.

అర్ధాకలితో గట్టెక్కిన పురుగు చిన్న ఈగ అవుతుంది. చిన్న ఆడ ఈగ తక్కువ గుడ్లు పెడుతుంది. రెక్కలు వచ్చిన పిమ్మట ఎంత తిన్నా ఒళ్లు పెరగదు. కనుక కబేళా వ్యర్థాన్ని ఏనాటికానాడు తొలగిస్తే, రేపటి ఈగల ముందున్న కంచాన్ని నేడే తీసివేసినట్లు.